మచ్చ మాసినా మరువని చర్మం

సల్ఫా మందో, నొప్పి మాత్రో వేసుకున్న కొద్ది గంటల్లోనే పెదవి అంచునో, చేతిమీదో, మర్మాంగంపైనో గుండ్రటి ఎర్రమచ్చ లేచి, మండి, కొన్నాళ్లకు నల్లబడి, అదే మందు మళ్లీ లోపలికి వెళ్లినప్పుడల్లా సరిగ్గా అదే చోట రగిలే జబ్బును వైద్యులు ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. యాంటీపైరిన్ అనే జ్వరం మందు వల్ల వచ్చిన ఇలాంటి మచ్చలను గమనించిన ఫ్రెంచి చర్మవైద్యుడు లూయీ బ్రోక్ 1894లో దీనికి ఆ పేరు పెట్టాడు. అయితే రక్తంతోపాటు ఒళ్లంతా తిరిగే మందు, రూపాయి బిళ్లంత చోటునే ఎందుకు కాలుస్తుందన్నది ఆ తర్వాత కూడా చాలాకాలం అంతుపట్టలేదు.

జపాన్‌లో తెత్సువో షియోహారా బృందం జరిపిన పరిశోధనలు ఆ చిక్కును విప్పాయి. రోగనిరోధక వ్యవస్థలోని తెల్లరక్తకణాలలో టి-కణాలు ఒక రకం. ఒకసారి శత్రువును ఎదుర్కొన్న టి-కణాలలో కొన్ని తిరిగి రక్తంలోకి వెళ్లకుండా, పోరు జరిగిన చోటనే, చర్మపు పైపొరలో, ఊరి పొలిమేరలో నిలిచిన కావలివాళ్లలా ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వైరస్‌లు మళ్లీ వస్తే వేగంగా అడ్డుకోగల ఈ స్థానిక జ్ఞాపకకణాలు నిజానికి శరీరానికి గొప్ప రక్షణ. ఈ జబ్బులో మాత్రం అవి మందునే శత్రువుగా గుర్తుపెట్టుకుని, అది రాగానే ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనాన్ని విడుదల చేసి, పక్కనున్న చర్మకణాలనే చంపుతాయి. అలా దెబ్బతిన్న కణాల్లోని రంగు లోపలి పొరలోకి జారిపోవడం వల్ల నల్లమచ్చ నెలల తరబడి మిగులుతుంది. అనుమానించిన మందును పాత మచ్చపై పట్టీగా అంటిస్తే తరచుగా ఎర్రబడుతుందిగానీ, మామూలు చర్మంపై అంటిస్తే ఏమీ కాదు. జ్ఞాపకం ఆ చోటనే ఉందనడానికి ఇంతకంటే సూటి రుజువు అక్కర్లేదు.

హైదరాబాద్–విజయవాడ రహదారి మీది సూర్యాపేట, కోదాడలలోనైనా, రైసుమిల్లుల మిర్యాలగూడలోనైనా విరేచనాలకూ ఒళ్లునొప్పులకూ నేరుగా మెడికల్ షాపులో గోలీ అడిగి తెచ్చుకునే అలవాటున్న చోట ఈ సంగతి తెలియడం ఎంతో అవసరం. నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ వంటి రెండు మందులు ఒకే మాత్రలో ఉన్నప్పుడు దేనివల్ల మచ్చ లేచిందో తేలదు. పైగా కంపెనీ పేరు మారితే మందు మారిందనుకుంటారు. కణాలు గుర్తించేది పెట్టెమీది పేరును కాదు, లోపలి రసాయనాన్ని. ఒక్కోసారి టినిడజోల్ పడనివారికి అదే కుటుంబానికి చెందిన మెట్రోనిడజోల్ కూడా పడదు. మరో మోసమూ ఉంది: మచ్చ ఒకసారి రగిలాక కొన్ని వారాలపాటు అదే మందు వేసుకున్నా స్పందించకపోవచ్చు, దాంతో ఆ మందు నిర్దోషి అనిపిస్తుంది.

మందు మానితే చాలామందిలో జబ్బు ప్రమాదం లేకుండానే తగ్గుతుంది, కానీ మళ్లీ మళ్లీ వాడేకొద్దీ మచ్చలు పెరగవచ్చు, అరుదుగా ఒళ్లంతా బొబ్బలెక్కి, ముఖ్యంగా వృద్ధులలో, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే వేసుకున్న మాత్ర అట్టను పారేయకుండా చర్మవైద్యుడికి చూపించి, అందులోని అసలు మందుపేరును చీటీమీద రాయించుకుని, ఏ జబ్బుకు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందుగా దాన్ని చూపాలి. మందుల దుష్ఫలితాలను నమోదు చేసేందుకు దేశంలో 2010లో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది; దాని ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024కు రోగులు కూడా స్వయంగా తెలియజేయవచ్చు.