ఐదో తరగతి తరువాత ఏ బడి?

కృష్ణానది సముద్రంలో కలిసే హంసలదీవికి చేరువలో, కోడూరు మండలపు చిట్టచివర ఉన్న ఊరు పాలకాయతిప్ప. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన జ్ఞాపకం ఈ తీరంలో నేటికీ చెరగలేదు. ఇటువంటి తీరగ్రామాలలో పిల్లల ఐదో తరగతి పూర్తి కావస్తోందనగానే ఇంట్లో ఒక ఆలోచన మొదలవుతుంది. ఆరో తరగతికి ఎక్కడ చేర్చాలి? అబ్బాయి విషయమైతే ఇది ఒక పూటలో తేలిపోతుంది. అమ్మాయి విషయమైతే తర్జనభర్జనలు నడిచి, కొన్ని ఇళ్లలో ‘చదివింది చాలులే’ అన్న మాటతో ముగుస్తుంది. అలా ముగియరాదన్న ఆకాంక్షతోనే మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

దైవప్రవక్త ముహమ్మద్ (స)పై అవతరించిన తొలి ఆదేశమే చదువును గురించినది. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో అక్షరజ్ఞానం కలిగినవారు పదేసిమంది మదీనా పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే దానినే వారి విడుదల మూల్యంగా స్వీకరించారని చరిత్రకారులు పేర్కొన్నారు. నేర్పేవారు ఎవరన్నదానికంటే పిల్లలకు ఏమి అబ్బుతుందన్నదే అక్కడ ప్రధానమైంది. బడిని ఎంచుకునే వేళ మనకు కావలసిన దృష్టి కూడా అదే.

ముందున్న దారులు

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రభుత్వ విద్యలో పల్లెవాసులకు ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది ప్రాథమికోన్నత పాఠశాల. ఇది ఇంటికి దగ్గర, పిల్లలు తక్కువ, ఉపాధ్యాయులకు ప్రతి బిడ్డా పేరుతో తెలుస్తుంది. అయితే ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు పాఠ్యాంశాలు చెప్పవలసి రావచ్చు. రెండవది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఇక్కడ గణితానికి, సామాన్యశాస్త్రానికి, భాషలకు వేర్వేరు ఉపాధ్యాయులుంటారు. పదో తరగతి వరకు మళ్లీ బడి మారే పని లేదు. కాని దూరం ఎక్కువ కావచ్చు.

మూడవది వసతితో కూడిన విద్య. మైనారిటీ గురుకులాలు, బాలికల కోసం కస్తూర్బా గాంధీ విద్యాలయాలు, బాపులపాడు మండలం వేలేరులోని జవహర్ నవోదయ విద్యాలయం ఈ కోవలోనివి. నవోదయలో చేరాలంటే ఐదో తరగతి చదువుతుండగానే దరఖాస్తు చేసి ప్రవేశ పరీక్ష రాయాలి. అక్కడి సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ విద్యార్థులకు, మూడింట ఒక వంతు బాలికలకు కేటాయిస్తారు. ఆ అవకాశం కోరుకునేవారు ఐదో తరగతి ముగిసేదాకా ఆగరాదు.

పోల్చవలసినవి ఏమిటి?

2019లో మొదలైన నాడు–నేడు పనులతో ఎన్నో ప్రభుత్వ బడుల రూపురేఖలు మారాయి. సంతోషమే. అయితే రంగులు చూసి బడిని నిర్ణయించడం, ముఖద్వారం చూసి ఇల్లు కొనడం వంటిదే. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ప్రతి 35 మంది పిల్లలకు కనీసం ఒక ఉపాధ్యాయుడు ఉండాలంటోంది. గణిత–సామాన్యశాస్త్రాలకు, సాంఘికశాస్త్రానికి, భాషలకు కనీసం ఒక్కొక్కరు చొప్పున ఉండాలంటోంది. ఏడాదికి 220 పనిదినాలు, 1000 గంటల బోధన జరగాలంటోంది. కనుక ‘లెక్కల మాస్టారు ఉన్నారా?’ అన్నదే మన మొదటి ప్రశ్న కావాలి.

రెండో పరీక్ష మరీ సులువు. ఆ బడిలో ఏడో తరగతి చదివే పొరుగింటి బిడ్డను పిలిచి, పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగులోను, నాలుగు వాక్యాలు ఇంగ్లీషులోను చదివించండి. ఒక భాగహారం చేయించండి. ఒక్కరితో సరిపెట్టక ఇద్దరు ముగ్గురిని అడగండి. బడి గురించి ఏ ప్రకటనా చెప్పని నిజం అక్కడ తెలుస్తుంది.

మూడవది, దారి. ఈ తరగతుల బడి మూడు కిలోమీటర్ల లోపు ఉండాలన్నది నియమం. అంతకు మించిన దూరమైతే రవాణా భత్యానికి ఏర్పాటు ఉందని ప్రధానోపాధ్యాయుని అడగాలి. వాన పడినప్పుడు ఆ దారి నడవనిస్తుందా, సాయంత్రం బస్సు ఎన్నింటికి, అమ్మాయి వెంట మరెవరు వెళతారు – ఇవన్నీ తల్లి స్వయంగా ఒకరోజు వెళ్లి చూడవలసినవి. బాలికలకు వేరుగా మరుగుదొడ్డి ఉందా, అందులో నీళ్లు వస్తున్నాయా అన్నదీ చూడాలి. ఎదిగే పిల్ల బడి మానడానికి ఇదొక్కటే కారణం కావచ్చు. సాయంత్రం మక్తబ్ వేళకు బిడ్డ ఇల్లు చేరగలదా అన్నది కూడా ముందే ఆలోచించుకుంటే, ఆ తరువాత ఖుర్ఆన్ పఠనానికీ బడికీ మధ్య తగవు రాదు.

మరువరాని పరీక్ష

ఎనిమిదో తరగతిలో కేంద్రప్రభుత్వ ఉపకారవేతన పరీక్ష ఒకటుంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలు రాయవచ్చు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు మించరాదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏటా 12,000 రూపాయలు, మొత్తం 48,000 అందుతాయి. ప్రభుత్వమే వసతి కల్పించే విద్యాలయాల వారికి ఇది వర్తించదు. కాబట్టి రెండు పగటి బడులను పోల్చేటప్పుడు, నిరుడు ఈ పరీక్ష ఎందరు రాశారు, ఎందరు ఎంపికయ్యారు అని తప్పక అడగండి.

చేర్చడంతో బాధ్యత తీరదు. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలని చట్టం చెబుతోంది. మన తల్లులు ఆ సమావేశాలకు వెళ్లి కూర్చోవాలి. ఉపాధ్యాయుడు లేడంటే లేడని రాతపూర్వకంగా అడగాలి. వెళ్లని సమావేశంలో మన బిడ్డ తరఫున మాట్లాడేవారుండరు.

అన్ని విధాలా లోపం లేని బడి దొరకకపోవచ్చు. పేరుగాంచినదైనా మూడు నెలలకే మానుకునే బడికంటే, కొద్దిపాటి లోటున్నా అమ్మాయి ప్రతిరోజూ వెళ్లి రాగలిగిన బడి మేలు. ఆ లోటును తల్లిదండ్రుల అడుగుడు పూరిస్తుంది. మన ఆడబిడ్డల చదువు ఐదో తరగతి గడప వద్ద ఆగిపోకుండా కాపాడే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక!