గాలపు ముడి, వల ముడి: దారాన్ని బట్టి ముడి ఎంపిక - ఒక వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: చేపల వేటలో వాడే దారం నూలు, జనుము నారల నుండి నైలాన్‌కు, ఆ తరువాత అల్లిక పాలిథిలిన్ తీగలకు మారింది. దారం మారినంత వేగంగా చేతి అలవాటు మారలేదు. వల కన్నులు జారడం, పెద్ద చేప పడినప్పుడు గాలపు తీగ కొక్కెం దగ్గరే తెగడం లేదా ఊడిపోవడం దీని ఫలితాలు. ముడి నిలవడానికి ఘర్షణ, వంపు, మెలి ఎలా కారణమవుతాయో వివరించి, ఏ దారానికి ఏ ముడి తగినదో, దానిని ఏ విధంగా వేయాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ముడి, జారుముడి, పీటముడి, వల, గాలం, నైలాన్, ఘర్షణ, మత్స్యకారులు.

1. ఉపోద్ఘాతం

జారుముడి, పీటముడి, చిక్కుముడి, బ్రహ్మముడి - తెలుగులో ముళ్ళకు ఉన్న ఈ పేర్లను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఇవి ముడి నిర్మాణాన్ని చెప్పే పేర్లు కావు, దాని ప్రవర్తనను చెప్పే పేర్లు. లాగితే జారేది జారుముడి. ఎంత ప్రయత్నించినా విడనిది పీటముడి. దారాన్ని ఎన్నిసార్లు చుట్టారు, కొసను ఎటు నుండి ఎటు దూర్చారు అన్న వివరం ఈ పేర్లలో లేదు. పాశ్చాత్య నావికుల సంప్రదాయంలో ఇందుకు భిన్నంగా ప్రతి నిర్మాణానికీ ఒక పేరు, ఒక సంఖ్య ఏర్పడ్డాయి. 1944లో వెలువడిన క్లిఫర్డ్ ఆష్లే గ్రంథం 3,800కు పైగా ముళ్ళను సంఖ్యలతో సహా నమోదు చేసింది.

మన పేర్లలో ఉన్నది లోపమేనని వెంటనే అనుకోనవసరం లేదు. తడిసిన జనుము దారంలో పీటముడిగా బిగిసిపోయే ముడి, నున్నటి నైలాన్ తీగలో అచ్చంగా అదే రీతిలో వేసినా జారుముడి అవుతుంది. ముడి ఒక్కటే, దారం మారితే పేరు మారుతుంది. అందువల్ల "నమ్మదగిన ముడి ఏది?" అనే ప్రశ్నకు దారాన్ని పక్కన పెట్టి సమాధానం చెప్పడం సాధ్యం కాదు.

ఈ ప్రశ్న తీరప్రాంత కుటుంబాలకు కేవలం కుతూహలంతో కూడినది కాదు. విశాఖపట్నం, ఉప్పాడ తీరాల నుండి చిన్న మరపడవలపై వెళ్ళి గాలంతో సూర, కొమ్ముకోనాం వంటి పెద్ద చేపలను వేటాడే వారికి ఒక్క చేపతోనే ఆ ప్రయాణపు డీజిలు ఖర్చు, మంచు ఖర్చు తీరవచ్చు. ఆ చేపకూ పడవకూ మధ్య ఉన్న పరికరాలలో అత్యంత బలహీనమైన స్థానం దాదాపు ఎప్పుడూ ముడే.

2. నార నుండి నైలాన్‌కు

ముడి వేసి వల అల్లడం అతి ప్రాచీనమైన విద్య. 1913లో కరేలియా ప్రాంతంలోని ఆంత్రెయా వద్ద బయటపడిన వల, విల్లో చెట్టు నారతో అల్లినది. దాని వయస్సు సుమారు 10 వేల సంవత్సరాలు. అప్పటి నుండి ఇరవయ్యవ శతాబ్దం మధ్య వరకు ప్రపంచంలో ఎక్కడైనా వల దారమంటే ఏదో ఒక చెట్టు నారో, పట్టో, వెంట్రుకో. మన తీరంలో అది ప్రధానంగా జనుము, నూలు.

ఈ సహజ దారాలకు ముడికి అనుకూలించే గుణాలు మూడున్నాయి. వాటి ఉపరితలం గరుకుగా ఉంటుంది. నీరు పీల్చి ఉబ్బడం వల్ల ముడిలోని పేటలు ఒకదానినొకటి నొక్కుకుంటాయి. పైగా తడిసిన నూలుకు పొడి నూలు కంటే బలం ఎక్కువ. అంటే ఒడ్డున కొంత వదులుగా ఉన్న ముడిని సముద్రమే బిగించేది. చెట్టు బెరడు కషాయంలో వలను ఉడికించి, ప్రతి వేట తరువాత ఆరబెట్టే శ్రమ ఉన్నప్పటికీ, ముడి విషయంలో మత్స్యకారుడు నిశ్చింతగా ఉండగలిగాడు.

1935లో వాలెస్ కరోథర్స్ డ్యూపాంట్ ప్రయోగశాలలో నైలాన్‌ను రూపొందించాడు. భారతదేశపు చేపల వేటలోకి కృత్రిమ దారాలు 1950ల చివరి నుండి ప్రవేశించాయి. కుళ్ళని, తేలికైన, నీటిలో కనిపించని ఈ దారం వేటను ఎంతగా మార్చిందో వేరుగా చెప్పనక్కరలేదు. కానీ ముడి దృష్టితో చూస్తే సహజ దారపు గుణాలన్నీ ఇక్కడ తలకిందులయ్యాయి. ఏకపోగు నైలాన్ నున్నగా ఉంటుంది. నీరు పీలిస్తే దాని బలం పెరగదు సరికదా, కొంత తగ్గుతుంది. వంచితే తిరిగి నిటారు కావడానికి ప్రయత్నిస్తుంది, సాగదీస్తే వెనక్కు వస్తుంది. ఈ రెండు స్వభావాలూ వేసిన ముడిని లోపలి నుండే వదులు చేస్తాయి. ఒడ్డున గట్టిగా కనిపించిన ముడి నీటిలో సడలడం మొదలుపెడుతుంది.

3. ముడి ఎందుకు నిలుస్తుంది?

పడవ మోకును ఒడ్డున గుంజకు రెండు చుట్లు చుట్టి, కొసను ఒక మనిషి పట్టుకుంటే అలల లాగుడుకు పడవ కదలదు. దీని వెనుక ఉన్న గణితాన్ని 18వ శతాబ్దంలో లియొనార్డ్ ఆయిలర్ వివరించాడు. చుట్లు పెరిగే కొద్దీ పట్టు కూడికతో కాక గుణకారంతో పెరుగుతుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, ఒక పూర్తి చుట్టుకు కొస దగ్గరి పట్టు సుమారు 6.6 రెట్లు అవుతుంది, రెండు చుట్లకు సుమారు 43 రెట్లు. గుణకం 0.1కి తగ్గితే ఒక చుట్టుకు లభించేది 1.9 రెట్లు మాత్రమే. 6.6 రెట్ల పట్టు కావాలంటే మూడు చుట్లు చుట్టాలి. ఘర్షణ మూడో వంతుకు తగ్గితే చుట్లు మూడింతలు కావాలన్న ఈ లెక్కే గాలపు ముళ్ళలో ఐదు, ఆరు, ఎనిమిది చుట్లు ఎందుకు వచ్చాయో చెబుతుంది. ముడిలో గుంజ వేరుగా ఉండదు, దారమే దారానికి గుంజ. కాబట్టి ఈ లెక్క అక్కడ యథాతథంగా వర్తించకపోయినా, దిశ మాత్రం ఇదే.

రెండవ అంశం వంపు. దారాన్ని తీవ్రంగా వంచితే వంపు వెలుపలి వైపు ఎక్కువగా సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. లాగుడు భారమంతా వెలుపలి పొరపై పడి అక్కడ తెగడం మొదలవుతుంది. అందుకే తీగ సాధారణంగా ముడి నడుమ కాక, అది ముడిలోకి ప్రవేశించే చోట తెగుతుంది. చుట్లు ఎక్కువగా ఉన్న ముడి ఘర్షణను పెంచడమే కాక, లాగుడును క్రమంగా తగ్గిస్తూ మొదటి వంపును కాపాడుతుంది.

మూడవది మెలి. జంటముడిని రెండు విధాలుగా వేయవచ్చు. కుడిని ఎడమపై, తరువాత ఎడమను కుడిపై వేస్తే ఒక ముడి వస్తుంది. రెండుసార్లూ కుడినే ఎడమపై వేస్తే వేరొక ముడి. చూపుకు దాదాపు ఒకేలా ఉండే వీటిలో రెండవది త్వరగా జారుతుంది. 2020లో సైన్స్ పత్రికలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు, ఒత్తిడిని బట్టి రంగు మారే పోగులతో ముళ్ళు వేసి దీనికి కారణాన్ని చూపారు. పక్కపక్కనున్న పేటలు పరస్పర వ్యతిరేక దిశలలో మెలి తిరిగితే అవి ఒకదానినొకటి పట్టుకుంటాయి, ఒకే దిశలో తిరిగితే దొర్లిపోతాయి. అయితే సరిగా వేసిన జంటముడి సైతం రెండు తీగలను కలపడానికి తగదు. మూట కట్టడానికి అది సరిపోతుంది, అంతే.

4. వల ముడి

వల కన్నును కట్టే ముడిని నావికులు షీట్ బెండ్ అంటారు. పై వరుసలోని కంటి అడుగు వంపు గుండా దారాన్ని వెనుక నుండి ముందుకు తెచ్చి, ఆ స్థానాన్ని బొటనవ్రేలితో నొక్కిపెట్టి, దారాన్ని పైకి ఒక వలయంగా విసిరి, వల సూదిని కంటి రెండు కాళ్ళ వెనుకగా పోనిచ్చి, విసిరిన వలయంలో నుండి బయటకు లాగాలి. చెప్పడానికి ఇంత సమయం పట్టే ఈ పని అలవాటైన చేతికి ఒక్క క్షణం. బిగించేటప్పుడు బొటనవ్రేలి పట్టు సడలితే ముడి కంటి వంపును వదిలి కిందికి జారుతుంది. అప్పుడు ఏర్పడేది వల ముడి కాదు, జారుముడి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. వలల మరమ్మతుకు ఇది అనువైన కాలం. ఈ సందర్భంలోనే ఒక సూక్ష్మమైన సమస్య తలెత్తుతుంది. కర్మాగారంలో యంత్రంపై అల్లిన నైలాన్ వలను లాగి పట్టి వేడిచేస్తారు. ఆ వేడికి నైలాన్ తన వంపునే కొత్త సహజ రూపంగా స్వీకరిస్తుంది, నిటారు కావాలన్న స్వభావాన్ని వదులుకుంటుంది. అందుకే ఆ ముళ్ళు కదలవు. చిరిగిన చోట చేతితో వేసిన ముడికి ఈ వేడి సంస్కారం లేదు. దారం అదే, ముడి అదే, అయినా ఒకటి నిలుస్తుంది, మరొకటి జారుతుంది. కొత్త వల ముడిని చూసి అదే విధంగా మరమ్మతు చేసిన వ్యక్తి నైపుణ్యాన్ని తప్పుపట్టడం ఈ తేడా తెలియక చేసే అన్యాయం.

దీనికి పరిష్కారం సూదిని కాళ్ళ వెనుకగా ఒకసారి కాక రెండుసార్లు తిప్పడం. ఈ జంట చుట్టుకు దారం, సమయం కొంత ఎక్కువ ఖర్చవుతాయి. ముడి లావవుతుంది. అయినప్పటికీ ఏకపోగు నైలాన్ మరమ్మతులో ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం. కారణం, మొప్పల వద్ద చేపను పట్టే వలలో కంటి కొలతే వేట. ముడి జారితే ఒక కన్ను పెద్దదవుతుంది, దాని పక్కది అంతే చిన్నదవుతుంది. పట్టవలసిన చేప మొదటి దాని నుండి తప్పించుకుంటే, వదలవలసిన పిల్ల రెండవ దానిలో చిక్కుతుంది. పేటలుగా మెలివేసిన నైలాన్ దారానికి మాత్రం ఒక చుట్టు చాలా సందర్భాలలో సరిపోతుంది. ఆ దారపు మెలికలే కొంత గరుకుదనాన్ని ఇస్తాయి.

5. గాలపు ముడి

గాలపు కొక్కేనికి వేసే ముళ్ళు వందల సంఖ్యలో ప్రచారంలో ఉన్నాయి. వాటిలో మూడు, నాలుగు బాగా వస్తే చాలు. సగం వచ్చిన పది ముళ్ళ కంటే కళ్ళు మూసుకుని వేయగల రెండు ముళ్ళు మేలు, ముఖ్యంగా ఊగే పడవలో, చీకటిలో, తడి చేతులతో పని చేసేవారికి.

ఎక్కువమంది మొదట నేర్చుకునేది క్లించ్ ముడి. తీగను కొక్కెం కంటిలో దూర్చి, కొసను అసలు తీగ చుట్టూ ఐదుసార్లు చుట్టి, కంటి పక్కన మిగిలిన చిన్న సందులో నుండి తీసి, ఆపై ఏర్పడిన పెద్ద వలయంలో నుండి మరోసారి తీసి బిగించాలి. సన్నని, మధ్యరకం నైలాన్‌కు ఇది తగినదే. అల్లిక పాలిథిలిన్ తీగకు ఇది పనికిరాదు. ఆ పదార్థపు ఘర్షణ నైలాన్ కంటే ఎంతో తక్కువ కావడంతో, తీగ తెగకుండానే ముడి మొత్తం విప్పుకుని వస్తుంది.

అల్లిక తీగకు పాలోమార్ ముడి తగినది. సుమారు ఒక జానెడు తీగను రెండు మడతలు చేసి, ఆ మడతను కంటిలో దూర్చి, జంట తీగతోనే ఒక సాదా ముడి వేయాలి, బిగించకూడదు. తరువాత చివర మిగిలిన వలయంలో నుండి కొక్కెం మొత్తాన్ని పోనిచ్చి, రెండు తీగలనూ కలిపి లాగాలి. కంటిపై ఒక పేటకు బదులు రెండు పేటలు ఆనడం దీని బలం. జంట పేటలు ఒకదానిపై ఒకటి ఎక్కితే ఆ బలం పోతుంది కాబట్టి, బిగించే ముందు అవి పక్కపక్కనే ఉన్నాయో లేదో చూడాలి.

యూని ముడిని నేను ఈ చర్చలో ప్రత్యేకంగా గౌరవిస్తాను. ఎందుకంటే అది నిజానికి జారుముడే. కంటిలో దూర్చిన కొసను వెనక్కు మడిచి ఒక వలయం చేసి, ఆ వలయం లోపలి నుండి రెండు తీగల చుట్టూ ఐదారు చుట్లు చుట్టి కొసను లాగితే ఒక గట్టి చుట్ట ఏర్పడుతుంది. అసలు తీగను లాగినప్పుడు అది జారుతూ వెళ్ళి కంటికి ఆనుకుని ఆగుతుంది. జారడమే దాని పద్ధతి, ఎక్కడ ఆగాలో తెలియడమే దాని నమ్మకం. నైలాన్‌కు ఐదు, అల్లిక తీగకు ఎనిమిది చుట్లు వేయవచ్చు. లావు తీగకు మూడు చుట్లకు మించితే అసలు బిగియదు. లావుల్లో తేడా ఉన్న రెండు తీగలను కలపడానికి ఎదురెదురుగా రెండు యూని ముళ్ళు వేసి దగ్గరకు లాగడం మంచి పద్ధతి.

కొన్ని కొక్కేలకు కన్ను ఉండదు, తల రేకులా చదునుగా ఉంటుంది. వీటికి స్నెల్ కట్టు వేయాలి. యూని ముడినే కొక్కెం కాడ మీద, కాడను లోపల ఉంచి ఆరేడు చుట్లతో వేసినట్లు భావించవచ్చు. ఇక్కడ గుంజ దారం కాదు, ఉక్కు. తీవ్రమైన వంపు లేకపోవడంతో తీగకు హాని తక్కువ. తీగ రేకుకు కొక్కెం మొన ఉన్న వైపు నుండే బయలుదేరాలి. వెనుక నుండి వస్తే రేకు అంచే దానిని కోస్తుంది.

6. బిగించడం, పరీక్షించడం

మంచి ముడి చెడిపోయేది ఎక్కువగా చివరి లాగుడులో. పొడి నైలాన్‌ను వేగంగా బిగిస్తే పేటల రాపిడికి పుట్టిన వేడి దాని ఉపరితలాన్ని పాడుచేస్తుంది. ముడి దగ్గర తీగ నొక్కులుగా, ముడతలుగా కనిపిస్తే దానిని కోసివేసి మళ్ళీ వేయడమే మార్గం. బిగించే ముందు నీటితోనో, ఉమ్మితోనో తడపాలి. నెమ్మదిగా, ఆగకుండా లాగాలి. చుట్లు వరుసగా కూర్చున్న తరువాత మాత్రమే పూర్తి బలం ప్రయోగించాలి. కొసను మరీ దగ్గరగా కోయకూడదు. మూడు, నాలుగు మిల్లీమీటర్లు వదిలితే, లాగుడులో ముడి కొద్దిగా సర్దుకున్నా ప్రమాదం ఉండదు.

రెండు ముళ్ళలో ఏది మేలో తెలుసుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. ఒకే తీగ ముక్కకు ఒక చివర ఒక కొక్కేన్ని ఒక ముడితో, రెండవ చివర అలాంటిదే మరో కొక్కేన్ని రెండవ ముడితో కట్టి, తీగను నీటిలో నాననిచ్చి, కొక్కేలను పట్టకార్లతో పట్టుకుని తెగేవరకు లాగాలి. కళ్ళకు రక్షణ ఉండాలి. ఒకే తీగపై ఒకే లాగుడు పడుతుంది కాబట్టి, ముందుగా ఓడిపోయినదే బలహీనమైన ముడి. ఒకసారి చేసి నిర్ణయించకూడదు, కనీసం పదిసార్లు చేయాలి. ఈ పరీక్షలో ముడితో పాటు వేసిన చేయి కూడా పరీక్షకు గురవుతుంది. అనుభవజ్ఞుడి చేతిలో గెలిచిన ముడి మన చేతిలో ఓడవచ్చు. అప్పుడు మనకు పనికివచ్చేది మన చేతిలో గెలిచినదే.

సముద్రంలో చేప పోయినప్పుడు కూడా తీగ కొసను పారవేయకుండా చూడాలి. కొస చుట్టలు తిరిగి ఉంటే ముడి జారిందని అర్థం. చుట్లు తక్కువయ్యాయి, లేదా ఆ దారానికి ఆ ముడి తగదు. చుట్టలు లేకుండా తెగి ఉంటే ముడి నిలిచింది, వంపు వద్ద తీగ ఓడింది. కొసకు పైన కొంత దూరం వరకు గరుకుగా, తెల్లగా పొర లేచి ఉంటే తప్పు ముడిదీ కాదు, చేతిదీ కాదు. రాతికో, పడవ అంచుకో, చేప పళ్ళకో తీగ ఒరుసుకుంది. ఆ మేరకు కోసివేసి, కొత్త ముడి వేయాలి.