బీదరు మదరసా: వాస్తువిద్యార్థులకు నిర్మాణపాఠము

నిర్మాణశాస్త్రమును వాస్తువిద్యార్థులకు నల్లబల్లపై బోధించుట మన కళాశాలలలో పరిపాటి. విద్యార్థి కమానును చక్కగా గీయును. గోడ మందమును అంకెలలో వ్రాయును. ఆ కమానుపై బరువు ఎక్కడికి పోవుచున్నదని అడిగినచో మాత్రము పెన్సిలు ఆగిపోవును. ఐదేండ్ల చదువులోని ఈ కొరత తీర్చుకొనుటకు హైదరాబాదు విద్యార్థులు దూరదేశములకు పోనక్కరలేదు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, నేడు కర్ణాటకమున నున్న బీదరు చాలును. జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతముల మనవారికి ఒకప్పుడు అదియే జిల్లా కేంద్రము.

అచ్చట బహమనీ మంత్రి మహమూదు గవాను 1472లో కట్టించిన మదరసా కలదు. మూడంతస్తుల భవనము, నడుమ విశాలమైన ముంగిలి. 17వ శతాబ్దాంతమున అందు నిలువచేసిన తుపాకిమందు ప్రేలి, తూర్పు ముఖమున దక్షిణపు సగమును, దానితో నొక మీనారును కూలిపోయినవి. చరిత్రకారునకు ఇది తీరని నష్టము. విద్యార్థికి మాత్రము, చెప్పుటకు నోరు రాకున్నను, ఇంతటి నిలువుకోత పటము మరియొకటి దొరకదు. కాగితముపై ఊహింపవలసిన గోడ గర్భము, కమాను వంపు, అంతస్తుపై అంతస్తు కూర్చున్న తీరు అచ్చట కంటికి కనబడును.

కమాను బరువును క్రిందికే గాక ప్రక్కలకును నెట్టును. వరుసలో ఒక కమాను నెట్టును ప్రక్క కమాను ఎదుర్కొనును. చివరిదానికి బరువైన గోడ ఆసరా కావలెను. ఆ ఆసరా పోయిన చోట మిగిలిన భాగము ఏల నిలిచినది? పురావస్తుశాఖ అనుమతితో విద్యార్థియే టేపు పట్టి కొలిచి, పటము గీసి, సమాధానము వెదకవలెను. ఉపాధ్యాయుడు ముందుగా చెప్పరాదు.

రాతి సంగతియు అట్టిదే. బీదరు పీఠభూమి లాటరైటు రాతిది. ఈ ఎర్రరాయి గనిలో మెత్తగా నుండి సులభముగా తెగును. గాలికి ఆరినకొలది గట్టిపడును. ఒడలెల్ల రంధ్రములు గావున నీటిని పీల్చును, సన్నని చెక్కడమునకు లొంగదు. కాబట్టి పైన సున్నపు గచ్చు పూసిరి. మదరసా ముఖమున రంగుల మెరుగుపలకలు అతికిరి. అందమునకని మనము మెచ్చుకొను ఆ పలకలు వానకు తొడుగు కూడ.

ఇట్టి గోడకు సిమెంటు పూసినచో లోని తేమ బయటికి పోవు దారి మూసుకొనును. రాతి పైపొర పొరలుగా రాలును. సున్నము తేమను విడిచిపెట్టును. రేపు పాత కట్టడముల మరమ్మతులలో ఏ పూత పూయవలెనో నిర్ణయించువారు ఈ విద్యార్థులే.

కొలతలకు రెండు దినములు, సున్నపు పనికి ఒక దినము కేటాయించిన చాలును. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోవుచున్నారు గావున ఆ యొక్క దినమును మాత్రము వాయిదా వేయరాదు.