కార్డు బకాయి బదిలీ: వడ్డీ లేని ఊరట కొద్ది రోజులే

న్యూఢిల్లీ: ఒక క్రెడిట్ కార్డు మీద పేరుకుపోయిన బకాయిని మరో బ్యాంకు కార్డు మీదికి మార్చుకుంటే కొంతకాలం వడ్డీ ఉండదని చెప్పే పథకాలు నెలజీతం మీద బతికే కుటుంబాలకు ఎంతో ఊరటగా తోస్తాయి. 'బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్' పేరిట బ్యాంకులు ప్రచారం చేసే ఈ సదుపాయం, లెక్క చూసుకుని వాడుకున్నవారికి మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. అయితే మన దేశంలో వడ్డీ లేని గడువు మిక్కిలి స్వల్పం. ఆ గడువు తీరిన మరునాటి నుంచే కార్డు మామూలు వడ్డీ అమలులోకి వస్తుంది. ఆ రోజుకు బాకీ తీర్చే సొమ్ము ఎక్కడి నుంచి రానున్నదో ముందుగా తేల్చుకోకుండా బదిలీకి సిద్ధపడినవారు ఒక అప్పు స్థానంలో రెండప్పులతో మిగిలే ప్రమాదం ఉంది.

దేశంలో చలామణిలో ఉన్న క్రెడిట్ కార్డుల సంఖ్య 2024 ఫిబ్రవరిలో 10 కోట్లు దాటింది. అదే సంవత్సరం మార్చి నాటికి ఈ కార్డులపై ప్రజలు బ్యాంకులకు చెల్లించవలసిన మొత్తం రెండున్నర లక్షల కోట్ల రూపాయలకు మించింది. ఎలాంటి హామీ లేకుండా ఇచ్చే ఇటువంటి రుణాలు వేగంగా పెరుగుతుండటం గమనించిన రిజర్వు బ్యాంకు 2023 నవంబరు 16న జోక్యం చేసుకుంది. కార్డు బకాయిలకు గాను బ్యాంకులు పాటించవలసిన రిస్కు వెయిటేజిని 125 శాతం నుంచి 150 శాతానికి పెంచింది. అంటే ఈ పద్దు కింద అప్పులు ఇచ్చే బ్యాంకులు మునుపటికంటే ఎక్కువ మూలధనాన్ని పక్కన పెట్టుకోవలసి వచ్చింది.

క్రెడిట్ కార్డు తెలుగువారికి కొత్త వస్తువేమీ కాదు. మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే కార్డును ప్రవేశపెట్టింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యే వరకు ఆ బ్యాంకు దీనిని తన ఘనతగా చెప్పుకుంటూ వచ్చింది. ఆ రోజుల్లో కార్డు కొద్దిమంది హోదాకు గుర్తు. ఇప్పుడు చిరుద్యోగి చేతిలోనూ రెండు మూడు కార్డులు కనిపించడం వింత కాదు.

నూటికి మూడున్నర రూపాయలు

గ్రామాలలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే అధిక వడ్డీ కింద లెక్క. మూడు రూపాయలు అడిగే షావుకారును జనం ఆడిపోసుకుంటారు. పలు క్రెడిట్ కార్డులు బకాయిపై వసూలు చేసే వడ్డీ నెలకు 3.5 శాతం నుంచి 3.75 శాతం వరకు ఉంటున్నది. ఏడాదికి 42 నుంచి 45 శాతం అన్నమాట. దీనికి తోడు ఆ వడ్డీపై 18 శాతం వస్తు సేవల పన్ను. సాధారణ రుణాల వడ్డీకి ఈ పన్ను నుంచి మినహాయింపు ఉండగా, క్రెడిట్ కార్డు వడ్డీకి మాత్రం లేదు. ఈ తేడా చాలామంది కార్డుదారుల దృష్టికి రాదు. షావుకారు పత్రం రాయించుకున్నప్పుడు కళ్లెదుట కనిపించే రేటు, నెలనెలా వచ్చే కార్డు బిల్లులో అంకెల మధ్య మరుగున పడుతుంది.

ఒక ఉద్యోగి కార్డు మీద 60,000 రూపాయల బకాయి ఉన్నదనుకుందాం. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 2,100 రూపాయలు, దానిపై పన్ను 378 రూపాయలు. వెరసి బిల్లు 62,478 రూపాయలకు చేరుతుంది. అందులో 5 శాతం, అంటే 3,124 రూపాయలు కడితే చాలునని బిల్లు చెబుతుంది. దీనినే 'మినిమమ్ డ్యూ' అంటారు. అతడు కట్టిన ఆ మొత్తంలో 2,478 రూపాయలు వడ్డీకి, పన్నుకే పోగా అసలులో తగ్గేది 646 రూపాయలు. కార్డుపై కొత్తగా ఒక్క వస్తువూ కొనకుండా ఇదే పద్ధతిలో ఏడాదిపాటు కడితే, చేతి నుంచి పోయే సొమ్ము సుమారు 35,300 రూపాయలు. ఏడాది చివర మిగిలి ఉండే అప్పు సుమారు 52,700 రూపాయలు.

పైగా బకాయి పూర్తిగా తీర్చని నెల నుంచి కొత్త కొనుగోళ్లకు సాధారణంగా లభించే వడ్డీరహిత గడువు కూడా రద్దవుతుంది. పాలు, కూరగాయల దగ్గర నుంచి కార్డు మీద కొన్న ప్రతి వస్తువుకూ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే అప్పు తీరడానికి నెలలు, సంవత్సరాలు పడుతుందన్న హెచ్చరికను ప్రతి బిల్లుపైనా ముద్రించాలని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఆదేశించవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించవచ్చు.

సున్నా వెనుక లెక్క

బకాయి బదిలీ పథకం ఆకర్షణీయంగా కనిపించేది సరిగ్గా ఈ దశలోనే. పద్ధతి సులువు. రెండవ బ్యాంకు, తన కార్డు పరిమితిలో కొంత భాగం మేరకు, మొదటి బ్యాంకు కార్డు ఖాతాకు సొమ్ము జమ చేస్తుంది. ఆ మేరకు అప్పు కొత్త కార్డు మీదికి మారుతుంది. ఒకే బ్యాంకుకు చెందిన రెండు కార్డుల మధ్య ఇది సాధ్యం కాదు. సొమ్ము జమ కావడానికి కొన్ని పనిదినాలు పడుతుంది. ఈలోగా పాత కార్డు గడువు తేదీ వస్తే కనీస మొత్తం కట్టి తీరాలి. బదిలీకి దరఖాస్తు చేశాం కదా అని ఊరుకున్నవారికి ఆలస్య రుసుము తప్పదు.

మన దేశంలో ప్రచారంలోకి వచ్చిన పథకాలలో 60 రోజులపాటు వడ్డీ లేకుండా, 2 శాతం సర్వీసు చార్జీతో ఇచ్చేవి ఒక రకం. పైన చెప్పిన 60,000 రూపాయలకు ఈ చార్జీ 1,200 రూపాయలు, దానిపై పన్ను 216 రూపాయలు. మొత్తం 1,416 రూపాయలు. పాత కార్డు మీదనే ఉంచితే రెండు నెలలకు దాదాపు 4,950 రూపాయలు వడ్డీకి, పన్నుకు పోయేది కనుక, సుమారు 3,500 రూపాయలు మిగిలినట్లే. అయితే దీనిని 'సున్నా వడ్డీ' అనడం మాత్రం సరికాదు. 60 రోజులకు 2.36 శాతం చార్జీ అంటే ఏడాదికి 14 శాతం పైచిలుకు వడ్డీతో సమానం.

ఈ ఏర్పాటు ఎవరికి ఉపయోగమో ఇక్కడే అర్థమవుతుంది. రెండు నెలల్లో చీటీ డబ్బు చేతికి రానున్నవారు, పండుగ బోనస్ ఖాయమైనవారు, ప్రావిడెంటు ఫండుకు దరఖాస్తు పెట్టుకుని మంజూరు కోసం ఎదురు చూస్తున్నవారు నిశ్చింతగా బదిలీ చేసుకోవచ్చు. రాబడి ఎక్కడి నుంచి వస్తుందో తెలియనివారికి 61వ రోజు కూడా మొదటి రోజు లాంటిదే. సగం తీర్చి 30,000 రూపాయలు మిగిల్చినా, నెలకు 1,239 రూపాయలు మళ్ళీ వడ్డీకి, పన్నుకు సమర్పించుకోవలసిందే.

గడువు తీరగానే మూడో కార్డుకు, ఆపైన నాలుగో కార్డుకు మార్చుకుంటూ పోవచ్చు కదా అన్న ఆలోచన కొందరికి వస్తుంది. ఆరుసార్లు మారిస్తే ఏడాదికి చార్జీలే 8,496 రూపాయలు. అసలు యథాతథం. కొత్త కార్డుకు దరఖాస్తు చేసిన ప్రతిసారీ ఆ విచారణ రుణ సమాచార సంస్థల రికార్డులో నమోదవుతుంది. సిబిల్ వంటి ఈ సంస్థలు 300 నుంచి 900 వరకు ఇచ్చే స్కోరును చూసే బ్యాంకులు, వరుస దరఖాస్తులను ఆర్థిక ఇక్కట్లకు సూచనగా భావిస్తాయి. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు ఈ సమాచారాన్ని పదిహేను రోజులకొకసారి పంపవలసి రావడంతో, ఒక బ్యాంకులో జరిగినది మరో బ్యాంకుకు తెలియడానికి పట్టే వ్యవధి కూడా తగ్గిపోయింది.

చార్జీ కంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. బదిలీ జరిగిన రోజున పాత కార్డు ఖాళీ అవుతుంది. దాని మీద 60,000 రూపాయల పరిమితి మళ్ళీ అందుబాటులోకి వస్తుంది. పిల్లల ఫీజులు, ఇంట్లో అనారోగ్యం, దసరా బట్టలు... అవసరాలు ఎవరి కోసమూ ఆగవు. ఆరు నెలలు తిరిగేసరికి రెండు కార్డులూ నిండుతాయి. అటువంటప్పుడు కొందరు ఆశ్రయించే మార్గం మరీ ప్రమాదకరమైనది. తెలిసిన దుకాణంలో కార్డు గీకి, వస్తువు కొన్నట్లు చూపి, కమిషను పోను నగదు తెచ్చుకోవడం, దానితో మరో కార్డు బిల్లు కట్టడం జరుగుతున్నది. బంధువుల ఖాతాకు ఇంటి అద్దె కట్టినట్లు చూపి సొమ్ము తిప్పుకోవడమూ ఇటువంటిదే. చెల్లింపు మధ్యవర్తి సంస్థల నిబంధనలను రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో కట్టుదిట్టం చేసిన తరువాత పలు యాప్‌లు కార్డు ద్వారా అద్దె చెల్లించే సదుపాయాన్ని నిలిపివేశాయి.

వాయిదా రుణంతో పోలిక

బకాయి బదిలీకి మంచి పేరు వచ్చింది అమెరికా, బ్రిటన్‌లలో. 1990 దశకంలో అక్కడ కార్డు సంస్థల మధ్య పోటీ ముదిరినప్పుడు ఈ పథకాలు విస్తరించాయి. బ్రిటన్‌లో ఏడాదికి పైగా, కొన్ని సందర్భాలలో రెండేళ్ల వరకు వడ్డీ లేని గడువు ఇచ్చిన సంస్థలున్నాయి. అమెరికాలో ఇటువంటి ప్రోత్సాహక రేటు కనీసం ఆరు నెలలు కొనసాగాలని 2009 నాటి కార్డు చట్టం నిర్దేశించింది. అంత వ్యవధి ఉంటే జీతంలోంచే నెలనెలా కొంత కట్టి అప్పు ముగించవచ్చు. అక్కడివారి సలహాలను చదివి ఇక్కడ 60 రోజుల పథకంలో చేరడం పొరపాటు.

రెండు నెలల్లో తీర్చలేమని తెలిసినవారికి మన దేశంలో మెరుగైన దారి వ్యక్తిగత రుణం. అదే 60,000 రూపాయలను ఏడాదికి 15 శాతం వడ్డీతో బ్యాంకు వద్ద తీసుకుని కార్డు బకాయి పూర్తిగా తీర్చివేస్తే, 12 నెలలపాటు నెలకు 5,415 రూపాయల వాయిదా పడుతుంది. ఏడాది చివర అప్పు ఉండదు. మొత్తం వడ్డీ 5,000 రూపాయల లోపే. ఇదే 5,415 రూపాయలను నెలనెలా కార్డుకే కట్టి ఉంటే ఏడాది తరువాత ఇంకా 15,500 రూపాయల బాకీ నిలిచి ఉండేది. తెలుగునాట చాలా ఇళ్లలో ఉండే కాస్త బంగారంపై రుణం కూడా కార్డు వడ్డీ కంటే ఎంతో చవక. బీరువాలో బంగారం పెట్టుకుని, కార్డుకు నూటికి మూడున్నర కట్టడం లెక్కకు నిలవదు.

బదిలీ చేసిన బకాయిని వాయిదాలలో కట్టించుకునే పథకాలు కూడా బ్యాంకుల వద్ద ఉన్నాయి. వీటిలో రేటు చెప్పే తీరును గమనించాలి. 'నెలకు ఒక శాతమే' అన్నప్పుడు అది తగ్గుతున్న అసలు మీదనా, మొదటి అసలు మీదనా అన్నది అడిగి తెలుసుకోవలసిన విషయం. 60,000 రూపాయలకు మొదటి అసలు మీదనే ఏడాదికి 7,200 రూపాయలు లెక్కగట్టి నెలకు 5,600 రూపాయల వాయిదా వేస్తే, నిజమైన వడ్డీ రేటు 12 కాదు, 21 శాతానికి పైమాటే. కార్డు మీద వాయిదా కనుక వడ్డీపై పన్ను అదనం.

వడ్డీ రేటుకు చట్టబద్ధమైన గరిష్ఠ పరిమితి ఉండాలన్న వాదన దేశంలో చాలాకాలం నడిచింది. ఏడాదికి 30 శాతానికి మించి కార్డు వడ్డీ వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ 2008 జూలైలో తీర్పు చెప్పింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. వడ్డీ రేట్ల విషయం రిజర్వు బ్యాంకు పరిధిలోనిదని, ఒప్పందంలోని షరతులను తిరగరాసే అధికారం కమిషన్‌కు లేదని జస్టిస్ బేలా త్రివేది, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మల ధర్మాసనం 2024 డిసెంబరు 20న ఆ తీర్పును కొట్టివేసింది. పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో మాత్రం కేంద్ర బ్యాంకు 2020లో కార్డు వడ్డీకి 20 శాతం పరిమితి విధించింది. ఆ తరువాత దానిని 2025 జనవరి నుంచి 25 శాతానికి పెంచింది.

పరిమితి విధించకపోయినా రిజర్వు బ్యాంకు 2022లో జారీ చేసిన ఆదేశాలు కార్డుదారుకు కొంత ఆయుధం సమకూర్చాయి. కొనుగోలు, నగదు విత్‌డ్రాయల్, బకాయి బదిలీ ఒక్కొక్కదానికి వర్తించే వార్షిక రేటును విడివిడిగా, ఉదాహరణలతో సహా తెలియజేయాలని బ్యాంకులను ఆదేశించింది. వడ్డీ కలిసి ఉన్న వాయిదాలను 'వడ్డీ లేనివి'గా మభ్యపెట్టి అమ్మరాదన్నది. చార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు నోటీసు ఇవ్వాలన్నది. కనుక బదిలీకి ఒప్పుకునే ముందు, గడువు ఏ తేదీతో ముగుస్తుంది, ఆ తరువాతి రేటు ఎంత, చార్జీ ఎంత, బదిలీ కార్డు మీద కొత్త కొనుగోళ్లకు వడ్డీ ఏ రోజు నుంచి పడుతుంది అన్న నాలుగు సంగతులనూ ఫోనులో మాట్లాడిన వ్యక్తి నోటిమాటగా కాక రాతపూర్వకంగా తీసుకోవడం ఉత్తమం.

బదిలీ పూర్తయి పాత కార్డు బకాయి సున్నాకు చేరిన తరువాత దానిని మూసివేయమని కోరేవారికి కూడా ఆ ఆదేశాలలో రక్షణ కల్పించారు. బకాయి లేని కార్డును దరఖాస్తు అందిన ఏడు పనిదినాలలో మూసివేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున కార్డుదారుకు బ్యాంకే చెల్లించాలి.