కొయ్యను ఎంచే కన్ను

సూరత్ రింగ్ రోడ్డు అనగానే చీరల అంగళ్లే మనసులో మెదులుతాయి. కాని ఆ నగరానికి దారంతో పాటు దారువూ కీర్తి తెచ్చింది. సాదేలీ అనే పొదుగుడు పని అక్కడిదే.

కొయ్యల సహజవర్ణాలను ఎంచుకోవడమే ఇందులోని మెలకువ. నలుపుకు ఎబొనీ, ముదురు గోధుమ వన్నెకు జిట్టేగి, లేతపసుపుకు గంధపు చెక్క. వాటిని సన్నని పుల్లలుగా చెక్కి, జిగురుతో కట్టగా అతికిస్తారు. ఆ కట్టను అడ్డంగా పలుచని బిళ్ళలుగా కోస్తే, ప్రతి బిళ్ళలోనూ అదే నక్షత్రం కనిపిస్తుంది. ఆ బిళ్ళలనే పెట్టెలపై అలంకరిస్తారు.

అందమొక్కటే చూసి కొయ్యను ఎంచినవాడు మోసపోక తప్పదు. పచ్చికొయ్య ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. ఒక్క పుల్ల కుంచించినా అతుకు విడిపోతుంది.

నేడు మరొక పరీక్ష కూడ వచ్చి చేరింది. పూర్వం తెలుపు కోసం ఏనుగు దంతం పొదిగేవారు. దంతపు అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని 1989లో దేశాలు తీర్మానించాయి. 2017లో జిట్టేగి జాతి కలప ఎగుమతులు సైతం అంతర్జాతీయ నియంత్రణ కిందికి వచ్చాయి.

అరుదైన కొయ్యతో చేసినదే విలువైన వస్తువని కొనేవారు భ్రమపడవచ్చు. పనివాడు మాత్రం మొదట చూసేది రెండే: కొయ్య బాగా ఆరిందా, పక్క పుల్లతో పొసగుతుందా? ఆ రెండూ కుదిరితేనే నక్షత్రం చెదరకుండా నిలుస్తుంది.