యాభై ఒకటో బొమ్మ

ఇంట్లో బొమ్మలు చేసి అమ్మేవాళ్లు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సిన అంకె 50. డిజైన్‌గా రిజిస్టరు చేయించదగ్గ వస్తువును రిజిస్టరు చేయించకుండా పారిశ్రామిక పద్ధతిలో యాభైకి మించి తయారుచేస్తే, ఆ డిజైన్ మీద కాపీరైట్ ఇక ఉండదు. 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 15(2) చెప్పేది ఇదే. అంటే బొమ్మకు గిరాకీ వచ్చి యాభై ఒకటోది చేసిన రోజునే దాని మీద హక్కు చేజారుతుంది.

‘చేత్తో చేసేదానికి ఈ గొడవ ఉండదులే’ అని ధీమాగా ఉండటానికి లేదు. డిజైన్ల చట్టం 2000 ‘డిజైన్’కు ఇచ్చిన నిర్వచనంలో యంత్రంతో పాటు చేతిపనీ ఉంది. చెక్కను ఉలితో చెక్కినా, గుడ్డను సూదితో కుట్టినా, ఒకే నమూనాను పదేపదే తీస్తుంటే ఈ చట్టం గురించి ఆలోచించాల్సిందే.

ఒక బొమ్మను ఎదురుగా పెట్టుకుని లెక్క చూద్దాం. చెక్క ఎడ్లబండి. తాడు పట్టి లాగితే చక్రాలు తిరుగుతూ ఎడ్లు తలలూపుతాయి. ఇందులో బండి ఆకారం, ఎడ్ల ఒంపు, రంగుల అమరిక డిజైన్ కిందికి వస్తాయి. తలలూపించే ఇరుసు ఏర్పాటు రాదు. పనిచేసే తీరును కాపాడేది పేటెంట్. దానికి గడువు 20 ఏళ్లు. కానీ తలలూపే బొమ్మ కొత్త ఆవిష్కరణ అని రుజువు చేయడం చాలా కష్టం. ఇంటి తయారీదారు ఆ దారిలో డబ్బు పోయమని నేను చెప్పను.

డిజైన్ దరఖాస్తుకు రుసుము వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు 1,000 రూపాయలు. పెద్ద కంపెనీలకైతే 4,000. బొమ్మలు అంతర్జాతీయ వర్గీకరణలో 21వ తరగతిలో ఉంటాయి. మామూలుగా ముందు, వెనక, కుడి, ఎడమ, పైన, కింద, ఏటవాలుగా ఏడు కోణాల్లో బొమ్మలు గీసి గానీ ఫొటోలు తీసి గానీ పెడతారు. మంజూరైతే పదేళ్ల హక్కు, దాన్ని మరో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు.

చాలామంది దెబ్బతినేది రుసుము దగ్గర కాదు, తేదీ దగ్గర. దరఖాస్తు చేసే నాటికి ఆ డిజైన్ దేశంలోనే కాదు, ప్రపంచంలో ఎక్కడా బయటపడి ఉండకూడదు. మీరే బయటపెట్టినా సరే, కొత్తదనం పోయినట్టే లెక్క. బండిని ఫొటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, నాలుగు ఆర్డర్లు వచ్చాక రిజిస్ట్రేషన్ గురించి ఆలోచిస్తే అప్పటికే ఆలస్యమైపోయింది. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకు మాత్రం మినహాయింపు ఉంది. డిజైన్ల కంట్రోలర్‌కు ముందే తెలియజేసి అక్కడ ప్రదర్శిస్తే, ఆరు నెలల్లోపు దరఖాస్తు చేసుకోవచ్చు. అపార్ట్‌మెంటులో దసరాకు పెట్టే స్టాలుకు ఈ వెసులుబాటు వర్తించదు.

ఇప్పుడు డబ్బు సంగతి. కిందివి నేను ఊహించుకున్న అంకెలు, మీవి వేసుకుని చూసుకోండి. చెక్క 60 రూపాయలు, రంగులు 25, రెండు గంటల పనికి గంటకు 80 చొప్పున 160. మొత్తం 245. పదిట్లో ఒకటి పగులు తేలో, రంగు చెదిరో పోతుందనుకుంటే మిగిలిన ఒక్కోదానికి 272 పడుతుంది. పెట్టె ఖర్చు 20 కలిపితే 292. డిజైన్‌కు వెయ్యి, పేరును ట్రేడ్‌మార్కుగా ఆన్‌లైన్‌లో నమోదు చేయడానికి 4,500, వెరసి 5,500. ఈ మొత్తాన్ని 500 బండ్ల మీద పంచితే ఒక్కోదానికి 11 రూపాయలే. ఖరీదు 303కు చేరింది. దుకాణదారు అమ్మకపు ధరలో 40 శాతం తీసుకుంటాడనుకుంటే, 505కు అమ్మితే మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు. అదే 50 బండ్లే చేస్తే రుసుముల వాటా ఒక్కోదాని మీద 110 అవుతుంది, ధర 670కి వెళ్తుంది.

ఇంటి తయారీదారులు ఎక్కువగా వదిలేసేది ఆ 160నే. ఇంట్లో ఆడవాళ్ల చేతి పనికి కూలి వేయకుండా బండిని 250కి అమ్మి, లాభం వచ్చిందనుకుంటారు. అది లాభం కాదు, వాళ్లు ఊరికే చేసిన రెండు గంటల చాకిరీ.

హక్కుల కంటే ముఖ్యమైనది ఆ బండి ఎవరి చేతికి వెళ్తుందన్నది. బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2020, 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మామూలు బొమ్మలకు ప్రమాణం ఐఎస్ 9873, విద్యుత్తుతో పనిచేసేవాటికి ఐఎస్ 15644. ఇంట్లో చేస్తున్నామన్న కారణంతో మినహాయింపు రాదు. వచ్చేది రెండు వర్గాలకు: కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు స్వయంగా చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలను ఆ రిజిస్టరులోని యజమానులు, అధీకృత వినియోగదారులు చేస్తే వాటికి.

మినహాయింపు మార్కుకే గానీ పసివాడి గొంతుకు కాదు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఒక గొట్టం పరీక్ష ఉంది. గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. లోతు ఏటవాలుగా ఒకవైపు 25.4, రెండోవైపు 57.1. బొమ్మ గానీ, ఊడొచ్చే ముక్క గానీ ఏ కోణంలో పెట్టినా అందులో పూర్తిగా ఇమిడిపోతే, అది ఆ వయసు పిల్లలకు పనికిరాదు. మన పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు, కాబట్టి అంత చక్రం ఆ గొట్టంలో పడిపోతుంది. బండి చక్రాన్ని 45 మిల్లీమీటర్లకు పెంచడం మొదటి పని. ఎడ్ల మెడ మీది కాడిని, కొమ్ములను విడిగా అతికించకుండా ఒకే చెక్కలో తీయడం రెండోది. అతికించిన చిన్న కొమ్ము వేలితో లాగితే రాకపోవచ్చు, నోట్లో నాని మెత్తబడ్డాక వస్తుంది.

రంగు ఇంకా ప్రమాదం. ప్రమాణంలోని మూడో భాగం ఎనిమిది మూలకాలకు హద్దులు పెట్టింది. కడుపులోని ఆమ్లాన్ని పోలిన ద్రావణంలోకి కిలో రంగు పొర నుంచి సీసం 90 మిల్లీగ్రాములకు మించి దిగకూడదు. కాడ్మియానికి 75, ఆర్సెనిక్‌కు 25. ఇంటి గోడలకు, తలుపులకు వేసే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేస్తూ 2016లో నియమాలు వచ్చాయి. పరిశ్రమల్లో వాడే రంగులు వాటి కిందికి రావు. చవగ్గా దొరికిందని ఆ డబ్బా తెచ్చి బొమ్మకు పూయొద్దు. ఏటికొప్పాక వాళ్లు అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ, చెట్ల నుంచి తీసిన రంగులను లక్కలో కలిపి ఎక్కిస్తారు. ఆ రంగుల పునరుద్ధరణకు పాటుపడిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ పేర్లకు భౌగోళిక గుర్తింపు ఉంది. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఇంట్లో చేసిన బొమ్మను ‘కొండపల్లి బొమ్మ’ అని అమ్మకూడదు. ఆ పేరు తెల్లపొణికి చెక్క ముక్కలను చింతగింజల మక్కుతో అతికించి బొమ్మలు చేసే వాళ్లందరి ఉమ్మడి సొత్తు. అక్కడి కళాకారులు అధీకృత వినియోగదారుగా చేరడానికి రుసుమును 2020లో 500 నుంచి 10 రూపాయలకు తగ్గించారు. అర్హత ఉండి చేరకపోతే నష్టం వాళ్లకే.

మీ బండికి మీరు పెట్టుకున్న సొంత పేరు సంగతి వేరు. దాని బలం తెలియాలంటే పలక మీద అక్షరాలతో ఆడే స్క్రాబుల్ ఆట కేసు చూడాలి. కోల్‌కతాకు చెందిన అగర్వాలా సోదరులు స్క్రాబ్యులస్ పేరుతో అలాంటి ఆటనే ఇంటర్నెట్‌లో నడిపితే, స్క్రాబుల్ హక్కులున్న మాటెల్ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2008 సెప్టెంబరులో కోర్టు ఆట పలక మీద కాపీరైట్ వాదనను ఒప్పుకోలేదు. పేరు విషయంలో మాత్రం ట్రేడ్‌మార్కును నిలబెట్టింది. ఆట కొనసాగింది, పేరు మారింది. అందుకే వెయ్యి రూపాయల డిజైన్‌తో సరిపెట్టకుండా, 28వ తరగతిలో ట్రేడ్‌మార్కుకూ 4,500 కట్టమంటాను.

డిజైన్‌ను ఎవరైనా కాపీ కొడితే చట్టం ఇప్పించే సొమ్ము ఒక్కో ఉల్లంఘనకు 25,000 రూపాయల లోపే, ఒక డిజైన్‌కు మొత్తం 50,000 దాటదు. ఈ హద్దు నాకు అన్యాయంగా తోస్తుంది. పండుగ సీజన్‌లో ఒక టోకు వ్యాపారి ఒక్క లోడులో దీనికి మించి సంపాదిస్తాడు. ఆ దారి వద్దనుకుంటే నష్టపరిహారం కోరుతూ, అమ్మకాలు ఆపించాలంటూ దావా వేయొచ్చు. జిల్లా కోర్టుకు తక్కువ కాని కోర్టులోనే వేయాలి. సరుకు బజారులో ఉన్నప్పుడే ఆపించడం చిన్న తయారీదారుకు ఎక్కువ పనికొస్తుంది. అందుకు సర్టిఫికెట్టుతో పాటు మొదటి గీతల కాగితాలు, తేదీలున్న ఫొటోలు, అమ్మిన బిల్లులు ఒకచోట దాచుకోవాలి.

పదేళ్లు నిండకముందే చిన్న తయారీదారులు 2,000 రూపాయలు కట్టి డిజైన్‌ను పొడిగించుకోవాలి. పదిహేనో ఏడు తర్వాత ఆ ఎడ్లబండిని ఎవరైనా చేసుకోవచ్చు. పేరు మాత్రం పదేళ్లకోసారి పునరుద్ధరించుకున్నంత కాలం మీదే.