వృద్ధాశ్రమాలలో ఆరోగ్య సమస్యలు, ఔషధ వినియోగం

వృద్ధాశ్రమాలలో ఔషధ వినియోగం అనగా అక్కడ నివసించే వయోవృద్ధుల దీర్ఘవ్యాధులకు ఇచ్చే మందులు, వాటి మోతాదు, పర్యవేక్షణలకు సంబంధించిన విషయం. పాశ్చాత్య దేశాలలో నర్సింగ్ హోమ్ అంటే వృద్ధులు స్థిరంగా ఉండి శుశ్రూష పొందే గృహం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలలో ఆ పేరుకు చిన్న ప్రైవేటు ఆసుపత్రి అనే అర్థం. ఈ రెంటినీ ఒకటిగా భావించరాదు.

నేపథ్యం

ఈ మూడు పట్టణాలు 2016 అక్టోబరు 11న మహబూబ్ నగర్ జిల్లా నుండి విడివడిన జిల్లాలకు కేంద్రాలు. పాలమూరు కూలీలు ఆనకట్టల, భవనాల పనులకై దూరప్రాంతాలకు వలస వెళ్ళడం తరతరాలుగా ఉన్నదే. వలస పోయిన ఇంట ముసలివారు మిగులుతారు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 19వ సెక్షను ప్రకారం నిరుపేద వృద్ధులకై రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి సరిపడే ఆశ్రమాలను నెలకొల్పవచ్చు. "నెలకొల్పవచ్చు" అన్నదే గాని "నెలకొల్పి తీరాలి" అనలేదు. ఈ తేడా చిన్నది కాదు.

మందులతో వచ్చే చిక్కులు

రక్తపోటు, మధుమేహం, కీళ్ళనొప్పులు, కంటిశుక్లం, మతిమరుపు వృద్ధులలో తరచుగా కనబడతాయి. ఒకే వ్యక్తి ఐదు లేక అంతకు మించి మందులు వాడడాన్ని బహుఔషధ వినియోగం అంటారు. వయస్సుతో మూత్రపిండాల శక్తి తగ్గుతుంది, కనుక అనేక మందులు దేహంలో ఎక్కువసేపు నిలుస్తాయి.

ఒక మందు దుష్ఫలితాన్ని కొత్త రోగమని పొరబడి మరొక మందు చేర్చడం అన్నిటికంటె ప్రమాదకరం. ఉదాహరణకు, రక్తపోటుకు ఇచ్చే ఆమ్లోడిపిన్ వలన కొందరికి పాదాలు వాస్తాయి. ఆ వాపు తగ్గడానికి మూత్రం జారీ చేసే గోలీ ఇస్తారు. దానిని సాయంత్రం వేసుకొన్న వృద్ధురాలు రాత్రి పలుమార్లు లేచి, చీకటిలో జారిపడి తుంటి ఎముక విరుగగొట్టుకోవచ్చు. చీటీ మీద మాత్రం ప్రతి మందుకూ ఒక కారణం ఉంటుంది.

మధుమేహానికి వాడే గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం చాలాసేపు ఉంటుంది. గోలీ వేసుకొని రాత్రి భోజనం మానితే రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, తికమక కలుగుతాయి. దీనిని వార్ధక్యపు మతిమరుపుగానో నిద్రమత్తుగానో పొరబడితే ప్రాణాపాయం. మోకాళ్ళ నొప్పులకు ఎడతెగక వాడే డైక్లోఫినాక్ మూత్రపిండాలను, జీర్ణాశయాన్ని దెబ్బతీస్తుంది, రక్తపోటును కూడా పెంచుతుంది.

వృద్ధులకు తగని మందుల జాబితాను అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్, సహచరులతో కలిసి 1991లో నర్సింగ్ హోమ్ నివాసుల కోసమే రూపొందించాడు. అమెరికన్ వృద్ధవైద్య సంఘం దానిని 2023లో సవరించింది. గ్లిబెన్‌క్లమైడ్, నిద్రకై ఇచ్చే డయాజిపామ్, జలుబు గోలీలలోని క్లోర్‌ఫెనిరమైన్ అందులో ఉన్నాయి. అయితే నిద్రమాత్రలు, మూర్ఛ మందులు, కొన్ని రక్తపోటు మందులు ఒక్కసారిగా మానితే హాని జరుగుతుంది. తగ్గింపు వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా సాగాలి.

వైద్య సదుపాయాలు

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం (2010-11) జిల్లా ఆసుపత్రిలో 10 పడకల వృద్ధుల వార్డును నిర్దేశించింది. అక్కడికి వెళ్ళేటపుడు ఆశ్రమ నిర్వాహకులు చీటీలనే గాక, వాడుతున్న గోలీలన్నిటినీ, అంగట్లో చీటీ లేకుండా కొన్నవాటితో సహా, ఒకే సంచిలో తీసుకొనిపోతే ఒకే మందు రెండు వ్యాపారనామాలతో వాడుతున్న సంగతి బయటపడుతుంది.